ఫోన్‌లో మునిగిన మనిషిని ఫోన్‌లోనే పలకరించడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

తెల్లవారుజాము దాకా గేమ్ ఆడే కుర్రాడు పెద్దాసుపత్రికి పోయి, మానసిక వైద్యుడి గది ముందు ఓపీ చీటీ పట్టుకుని కూర్చోడు. బలవంతంగా తీసుకుపోదామంటే ఇంట్లో గొడవే మిగులుతుంది. తనకేం జబ్బు లేదంటాడు. లోపల అనుమానం ఉన్నా, నెల్లూరులోనో ఒంగోలులోనో తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారని భయం. ఉదయగిరి, కనిగిరి వైపు పల్లెల వాళ్లకైతే బస్సు చార్జీలు పోను ఒక రోజు కూలి కూడా పోతుంది. కానీ ఆ మనిషి చేతిలో ఫోన్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఆ ఫోన్‌లోనే కౌన్సిలరో డాక్టరో అతన్ని పలకరించే దారులు ఇప్పుడున్నాయి, ప్రభుత్వానివి ఉచితం కూడా. వాటిని ఏ వరసలో, ఎలా వాడాలో తల్లిదండ్రులకూ అక్కాఅన్నలకూ, అలాగే ఆశా కార్యకర్తలకూ సీహెచ్‌వోలకూ (ఊరి విలేజ్ క్లినిక్‌లో ఉండే ఆరోగ్య అధికారులు) లెక్చరర్లకూ పనికొచ్చేలా రాస్తున్నాను.

నెట్ నుంచి బయటికి రాలేనివాళ్లకు నెట్‌లోనే వైద్యమా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జర్మనీలో బోకుమ్ నగరంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు సరిగ్గా ఈ ఆలోచనతోనే ఓయాసిస్ అనే ఆన్‌లైన్ సేవ నడిపారు. ముందు నెట్‌లోనే ఒక స్వీయ పరీక్ష, తర్వాత వెబ్‌క్యామ్‌లో డాక్టరుతో మాటలు, ఆపైన వాళ్ల ఊరికి దగ్గర్లో చికిత్స. ఆ పద్ధతిలో నాకు నచ్చింది ఒక్కటే. ఆన్‌లైన్ మాటలు అక్కడితో ఆగిపోవు, మనిషిని మనుషుల దగ్గరికి చేరుస్తాయి. మనమూ అలాగే వాడాలి.

నా నమ్మకం ముందే చెప్పేస్తాను. "నీకు వ్యసనం పట్టుకుంది" అంటే ఎవరూ ఫోన్ పక్కన పెట్టి మన మాట వినరు. నిద్ర పట్టకపోవడం, అప్పు, మెడనొప్పి, ఎవరూ లేరన్న దిగులు, వీటిలో ఏదో ఒకటి ఆ మనిషే తన బాధగా ఒప్పుకుంటాడు. మాట అక్కడ మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: గంటలు లెక్కపెట్టడం ఆపండి

ఆన్‌లైన్ కోచింగ్ కోసం రోజుకు ఎనిమిది గంటలు స్క్రీన్ చూసే పిల్ల వ్యసనపరురాలు కాదు. రెండే గంటలు ఆడి, ఆ రెండు గంటల్లో రొయ్యల మేతకు దాచిన డబ్బు పోగొట్టుకున్నవాడికి సాయం కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మేలో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ చేరింది. జూదం కూడా అందులో ఉంది, ఆన్‌లైన్‌లో ఆడేదైనా సరే. ఇంటర్నెట్ వ్యసనం అనే పేరుతో మాత్రం విడిగా జబ్బు లేదు. గేమింగ్ విషయంలో డాక్టర్లు చూసేవి మూడు. ఆపుదామనుకున్నా ఆపలేకపోతున్నాడా? తిండి, చదువు, పని, స్నేహితులు అన్నిటికన్నా ఆటే ముందుకొచ్చిందా? నష్టం కళ్లెదుట కనబడుతున్నా కొనసాగిస్తున్నాడా? ఇవి మామూలుగా ఏడాదిపాటు ఉండి, బతుకు గట్టిగా దెబ్బతింటేనే జబ్బు అంటారు. తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే చెప్పొచ్చు. రీల్స్ కైనా షాపింగ్ కైనా ఇంట్లోవాళ్లు ఈ మూడు ప్రశ్నలే వేసుకోవచ్చు. కానీ జబ్బు పేరు పెట్టే పని డాక్టరుది. మనం పేరు పెట్టేస్తే ఆ పేరు ఊళ్లో పాకుతుంది, మనిషి ఇంకా దూరమవుతాడు.

రెండో అడుగు: ఆ ఫోన్ ఏ లోటు తీరుస్తోందో చూడండి

రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే మనిషికి ఏరేటర్ల మోత మధ్య తెల్లవార్లూ తోడు ఉండేది ఫోన్ ఒక్కటే. రెసిడెన్షియల్ కాలేజీలో రెండేళ్లు ఫోన్ ముట్టనివ్వకుండా చదివించిన పిల్లవాడు ఇంటర్ అయ్యాక ఇంటికొచ్చి దాన్ని వదలడు. వాడికి ఖాళీ సమయంలో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఒంగోలులో గది తీసుకుని ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే కుర్రాడు ఫలితాల భయం మరిచిపోవడానికి ఆడతాడు. భర్త వేరే దేశంలో ఉన్న అమ్మాయికి రీల్స్ చూసే సమయమే రోజంతటిలో తనది అనిపించే సమయం. క్రికెట్ బెట్టింగ్ వేరు, అక్కడ ఒంటరితనం కన్నా పోయిన డబ్బు రాబట్టుకోవాలన్న తహతహ ఎక్కువ.

మీ ఇంటి మనిషి వీళ్లలో ఎవరికి దగ్గరగా ఉన్నాడో ఆలోచించండి. రేపు కౌన్సిలర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి. దిగులు, ఆందోళన, పిల్లల్లో ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ లాంటివి కింద ఉండి, పైకి ఫోన్ పిచ్చిలాగా కనబడటం మామూలే.

మూడో అడుగు: ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసుకోండి

అన్నిటికన్నా ముందు టెలీ మానస్. నంబరు 14416. అది కలవకపోతే 1800-891-4416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగు ఎంచుకోవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక నిపుణులకు కలుపుతారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. నెట్‌తోనే ఇబ్బంది పడుతున్న మనిషికి నెట్ లేకుండా అందే సాయం ఇది. అందుకే నేను దీన్నే మొదట చెబుతాను.

రెండోది ఈ-సంజీవని, డాక్టరును ఆన్‌లైన్‌లో చూపించుకునే ప్రభుత్వ సేవ. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో దీని ఇంటి ఓపీ మొదలైంది. దాని వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో సెల్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీతో లోపలికి పోయి, వివరాలు నింపితే టోకెన్ వస్తుంది. వంతు వచ్చాక డాక్టరు వీడియోలో చూస్తారు, మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది. ఇది చేతకాని ఇంట్లో మీ ఊరి విలేజ్ క్లినిక్‌కి వెళ్లండి. అక్కడి సీహెచ్‌వో తన దగ్గరున్న పరికరంతో పెద్ద డాక్టరుకు కలుపుతారు. ఈ క్లినిక్ దారిలో ఒక మేలుంది. బీపీ చూపించుకోవడానికి వచ్చానని చెప్పుకోవచ్చు, ఎవరూ వింతగా చూడరు.

నిమ్హాన్స్‌లో 2014లో మొదలైన షట్ క్లినిక్ ఫోన్, నెట్, గేమింగ్ సమస్యలకే ప్రత్యేకం. మన రెండు జిల్లాల్లో నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ఒంగోలు ప్రభుత్వాసుపత్రి వైద్య కళాశాలలకు అనుబంధమైనవి కాబట్టి అక్కడ మానసిక విభాగం ఉంటుంది. ఆన్‌లైన్‌లో మొదలైన దారి చివరికి చేరాల్సింది ఇలాంటి చోటికే.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930. పిల్లల మీద వేధింపు ఉంటే 1098. ప్రాణం మీదికొస్తే 108 లేదా 112.

ఇంకో జాగ్రత్త. "ఫోన్ వ్యసనం ఏడు రోజుల్లో మాయం" అనే ప్రకటనలు అదే ఫోన్‌లో కనబడతాయి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పనివాళ్లకు ఒక్క రూపాయి పంపకండి. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మందుల చీటీ మీద ఆ నంబరు ఉండాలి.

నాలుగో అడుగు: మొదటి కాల్ మీరే చెయ్యండి

చాలామంది ఫోన్ కలిపేసి పిల్లవాడి చేతికిచ్చి "మాట్లాడు" అంటారు. వాడు కట్ చేస్తాడు. ఇక ఆ నంబరంటేనే వాడికి పడదు.

ముందు మీ కోసం చెయ్యండి. మీకు టెన్షన్ ఉంది, నిద్ర లేదు, ఏం మాట్లాడినా గొడవవుతోంది. సాయం అడగడానికి ఈ కారణాలు చాలు. చేసేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని నెలల నుంచి, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, తిండి ఎలా ఉంది, కాలేజీకి లేదా పనికి పోతున్నాడా, ఏ యాప్, డబ్బు ఏమైనా పోయిందా, మందు లేదా గంజాయి అలవాటు ఉందా, చచ్చిపోతానన్న మాట ఎప్పుడైనా వచ్చిందా.

కాల్ ఇలా మొదలుపెట్టొచ్చు: "మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. ఆరు నెలలుగా తెల్లవారుజాము దాకా ఫోన్ చూస్తున్నాడు. కాలేజీ మానేశాడు. ఫోన్ లాక్కుంటే వస్తువులు విసిరేస్తున్నాడు. వాడిని మీతో మాట్లాడించే ముందు నేను ఇంట్లో ఎలా ఉండాలో చెప్పండి." ఆ తర్వాత వాళ్లు చెప్పింది రాసుకోండి. మళ్లీ చేసినప్పుడు వేరే కౌన్సిలర్ ఎత్తినా ఆ కాగితం దారి తప్పనివ్వదు.

చావు మాట వచ్చి ఉంటే మిగతా అడుగులన్నీ ఆపి, అదే ముందు చెప్పండి. మనిషిని ఒంటరిగా వదలకండి. మన జిల్లాల్లో వరి, పొగాకు, మిర్చి, శనగ పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బా వసారాలోనో మంచం కిందో ఉంటుంది. ఆ రోజే దాన్ని ఇంట్లోంచి తీసేసి తాళం వేసి ఉంచండి, తాళం చెవి వేరేవాళ్ల దగ్గర పెట్టండి. ఆ మాట బెదిరింపుకే అన్నాడని మీకు అనిపించినా సరే.

ఐదో అడుగు: అతనికి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి

ఎక్కువ ఇళ్లలో నాన్న చెబితే పని జరగదు. అప్పటికే ఆయనకూ కొడుక్కూ మధ్య నెలల గొడవ పేరుకుని ఉంటుంది. మేనమామ, పెద్దక్క, పెద్దనాన్న కొడుకు, కలిసి క్రికెట్ ఆడే స్నేహితుడు, ఎవరి మాటకు ఇంకా తలెత్తి చూస్తాడో వాళ్లే చెప్పాలి. ఒక్కరే చెప్పాలి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో వ్యసనం వీడియోలు పంపడం మాత్రం వద్దు, నలుగురిలో నిలబెట్టి తిట్టినంత పని అది.

మేనమామ ఎదురుగా ఉంటే ఇలా అడగొచ్చు: "ఏందబ్బయా, కళ్లు అట్టా లోపలికి పోయినాయి? నిద్ర పడతా ఉందా లేదా?" జవాబు చెప్పేదాకా ఆగాలి. నిద్ర గురించి చెబితే నిద్ర గురించే మాట్లాడాలి, ఫోన్ మాట ఎత్తకూడదు.

అక్క మెసేజ్ పెడితే ఇలా ఉండొచ్చు: "తమ్ముడూ, నీకు రాత్రుళ్లు నిద్ర లేదని అమ్మ చెప్పింది. నేను 14416కి చేసి మాట్లాడా. తెలుగులోనే మాట్లాడారు, తిట్టలేదు, డబ్బు అడగలేదు. ఒక్కసారి పది నిమిషాలు మాట్లాడి చూడు. నచ్చకపోతే పెట్టేయ్." ఒక్క మెసేజ్, ఒక్క నంబరు, అంతే. దానికి లింకులు తగిలించొద్దు. జవాబు రాకపోతే మూడు నాలుగు రోజులు ఆగి, వేరే విషయం మాట్లాడుతూ ఒకసారి గుర్తుచెయ్యండి.

బెట్టింగ్‌లో దిగినవాడికి భయం వేరే ఉంటుంది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని నిషేధించింది. దాంతో నోరు విప్పితే కేసు పెడతారనుకుంటాడు. కౌన్సిలర్ పోలీసు కాదని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చిందని చెప్పండి. అప్పు ఎంతో ఆ రోజే తేల్చమని పట్టుబట్టకండి.

ఆరో అడుగు: మాట్లాడే సమయం, చోటు

రెండు గదుల ఇంట్లో గోప్యత దొరకదు. అమ్మ వంటింట్లో గిన్నె చప్పుడు ఆపి వింటోందని తెలిస్తే ఏ కుర్రాడూ నిజం చెప్పడు. ఆ అరగంట ఇంట్లోవాళ్లే గుడికో అంగడికో వెళ్లిపోతే మేలు. లేదంటే మేడ మీద, చెరువు గట్టు మీద, వెనక దొడ్లో. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండాలి. మిగతా నోటిఫికేషన్లు ఆపేయాలి, లేకపోతే డాక్టరు మాట్లాడుతుండగానే గేమ్ పిలుస్తుంది.

వీడియో కన్నా మామూలు కాల్‌తో మొదలుపెట్టడం నాకు మంచిదనిపిస్తుంది. ముఖం చూపించక్కర్లేదంటే సిగ్గు తగ్గుతుంది. స్క్రీన్ కూడా ఆరిపోయి ఉంటుంది. రెండో మూడో సారికి డాక్టరు మనిషిని చూడాలంటే అప్పుడు వీడియో. తీరం పల్లెల్లో, వెలిగొండ కొండల వైపు సిగ్నల్ పోతుంటుంది కాబట్టి, లైన్ తెగితే ఎవరు ఎవరికి తిరిగి చెయ్యాలో మొదటి నిమిషంలోనే అడిగి పెట్టుకోండి.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు డాక్టరును ఆన్‌లైన్‌లో సంప్రదించేటప్పుడు పెద్దవాళ్లు ఒకరు తోడుండాలని టెలీమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీరు మొదట మాట్లాడి, తర్వాత "ఒక పది నిమిషాలు వాడితో విడిగా మాట్లాడతారా?" అని డాక్టరునే అడగండి. గదిలోంచి నిజంగా బయటికి రండి. వచ్చాక ఏం చెప్పావని గుచ్చిగుచ్చి అడగకండి.

ఏడో అడుగు: వైద్యం నుంచి ఏం ఆశించాలి

నెట్ మానిపించే మాత్ర లేదు. ఇది ముందే తెలిసి ఉంటే నిరాశ తగ్గుతుంది. దిగులు, ఆందోళన, ఏడీహెచ్‌డీ లాంటివి తేలితే వాటికి మందులు ఇస్తారు. అసలు పని చేసేది సీబీటీ అనే మాటల చికిత్స. ఫోన్ ఎప్పుడు తీస్తున్నాం, తీసే ముందు మనసులో ఏముంది, ఆ క్షణంలో ఇంకేం చెయ్యొచ్చు అని కౌన్సిలర్‌తో కలిసి వెతుక్కోవడం, వారానికొకసారి చూసుకోవడం. ఒక్క కాల్‌తో తేలదు.

వాట్సాప్‌లో నిద్రమాత్రలు రాసిచ్చేవాళ్లను నమ్మకండి. కొన్ని మందులు ఆన్‌లైన్‌లో రాయకూడదని నిబంధనలు ఉన్నాయి. డాక్టరు రాయనన్నారంటే అది మంచికే.

ఎనిమిదో అడుగు: కాల్‌కీ కాల్‌కీ మధ్య ఇల్లు

ఫోన్ లాక్కోవడం ఎందుకు వద్దంటున్నానో ఇక్కడ చెప్పాలి. ఆ ఫోనే కౌన్సిలర్‌కు దారి. లాక్కుంటే ఆ దారి పోతుంది, కోపం హద్దు దాటుతుంది, అప్పు చేసి ఇంకో ఫోన్ కొంటాడు. మాట్లాడుకుని పెట్టుకున్న హద్దు నిలుస్తుంది. రాత్రి పదకొండుకు ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకే చోట చార్జింగ్‌కి పెట్టాలి. అందరివీ, నాన్నదీ అమ్మదీ కూడా. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఉన్నాయి, యాప్‌కి టైమర్ అతని చేతే పెట్టించండి. బెట్టింగ్ ఉంటే యూపీఐ రోజు పరిమితి తగ్గించి, లోన్ యాప్‌లు తీసేయించండి.

ఖాళీ అయిన గంటకు ఏదో ఒకటి ఉండాలి. సాయంత్రం వాలీబాల్, లైబ్రరీ, నాన్నతో చెరువు మీదికి, ఆదివారం మైపాడుకో కొత్తపట్నానికో సముద్రానికి. మొదటి వారం విసుక్కుంటాడు. నిద్ర ఒక గంట ముందుకు జరిగినా అది ముందడుగే, ఆ మాట అతనికి చెప్పండి. పరీక్షల ముందో, ఐపీఎల్ మొదలైనప్పుడో మళ్లీ జారితే కౌన్సిలర్‌కు ఆ వారమే చెప్పమనండి.

ఊరికోసం పనిచేసే వాళ్లకు

ఆశా కార్యకర్తలు, సీహెచ్‌వోలు, లెక్చరర్లు ఒక్కో ఇల్లు కాకుండా ఊరంతటినీ చూడాలి. నంబరును ఫోన్‌లోనే పంచితే రోజూ వచ్చే వందల ఫార్వర్డ్‌ల్లో కలిసిపోతుంది. కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి రీఛార్జ్ షాపులో, టీ అంగట్లో, రొయ్యల మేత అమ్మే షాపులో, హాస్టల్ నోటీసు బోర్డు మీద అంటించండి. టంగుటూరు, కొండపి, కలిగిరి పొగాకు వేలం కేంద్రాల్లో రైతులు గంటల తరబడి కూర్చుంటారు, పిల్లల గురించి మాట్లాడుకునేది అక్కడే. పోస్టరు మీద "ఫోన్ వ్యసనమా?" అని వద్దు. "రాత్రి నిద్ర పట్టట్లేదా? డబ్బు టెన్షనా? పిల్లలతో మాట కలవట్లేదా? 14416, ఉచితం, తెలుగులో" చాలు.

పరీక్ష పెట్టాలనుకుంటే కింబర్లీ యంగ్ 1998లో ప్రచురించిన ఇంటర్నెట్ అడిక్షన్ టెస్ట్ ఉంది. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కుల దాకా. దాంతో జబ్బు తేల్చలేం, మాట మొదలుపెట్టడానికి మాత్రం పనికొస్తుంది. క్లాసులో మార్కులు చదివి వినిపించడం ఘోరం. పేర్లు, ఫోన్ నంబర్లు గూగుల్ ఫామ్‌లో నింపించి గ్రూపులో పెట్టడం అంతకన్నా ఘోరం. ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను ఆ వారంలోనే విడిగా పలకరించే మనిషి లేకపోతే అసలు పరీక్షే పెట్టకండి.

కాల్ చేయించాక రెండు మూడు రోజులకు ఒకసారి అడగండి: "కలిసిందా? ఏమన్నారు? మళ్లీ ఎప్పుడు చెయ్యమన్నారు?" కలవకపోయి ఉంటే మీ పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేయించండి. మనుషులు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఆన్‌లైన్ ఆపి ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి

తిండి మానేసినా, రెండు మూడు రాత్రులు అసలు నిద్రపోకపోయినా, ఇంట్లోవాళ్ల మీద చెయ్యి చేసుకున్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోందన్నా, తనకు హాని చేసుకున్నా వీడియో కాల్ కోసం ఎదురుచూడొద్దు. ప్రాణభయం ఉంటే 108. లేకపోతే మర్నాడు ఉదయమే నెల్లూరు లేదా ఒంగోలు పెద్దాసుపత్రి ఓపీకి. నాలుగో అడుగులో రాసుకున్న కాగితం, ఈ-సంజీవని మందుల చీటీ, ఇప్పటిదాకా వాడిన మాత్రల పట్టీలు, ఆధార్ కార్డు పట్టుకెళ్లండి. తోడుగా అతను ఎవరి మాట వింటాడో వాళ్లే వెళ్లాలి. ఓపీలో రద్దీ ఉంటుంది కాబట్టి పొద్దున్నే చేరి, వంతు వచ్చేదాకా అతని చేతిలో ఫోన్ ఉండనివ్వండి.